పాఠకుల ప్రశ్నలు: జాక్ లండన్ మరణం గురించి కొన్ని ఉత్తరాలు, నా వైపు నుంచి ఒక సవరణ

ఇంగ్లీషు నవలలు ఎక్కడ మొదలుపెట్టాలని అడిగిన ఒక పాఠకుడికి గత నెల ఈ శీర్షికలో 'మార్టిన్ ఈడెన్' చదవమని సలహా ఇచ్చాను. దాని రచయిత జాక్ లండన్ కూడా నలభై ఏళ్ల వయసులో తన కథానాయకుడిలాగే ప్రాణం తీసుకున్నాడని అలవోకగా ఒక వాక్యం కూడా కలిపాను. ఆ ఒక్క వాక్యానికి వచ్చినన్ని ఉత్తరాలు మిగతా పేజీ అంతటికీ రాలేదు. అందువల్ల ఈ నెల ఇతర ప్రశ్నలను పక్కన పెట్టి, జాక్ లండన్ గురించి వచ్చిన వాటికే జవాబు చెబుతున్నాను.

ప్రశ్న: మీరు ఆత్మహత్య అని రాశారు. మా కాలేజీ లైబ్రరీలోని ఒక పుస్తకంలో మాత్రం అతను కిడ్నీలు చెడిపోయి చనిపోయాడని ఉంది. మా లెక్చరర్ గారిని అడిగితే ఆయన మీ మాటే అన్నారు. దేన్ని నమ్మాలి?
(డిగ్రీ విద్యార్థిని, పెరంబూరు, చెన్నై)

జవాబు: మీ లైబ్రరీ పుస్తకాన్ని నమ్మండి. నేను తొందరపడ్డాను. మీ లెక్చరర్ గారు కూడా బహుశా నేను పొరబడిన చోటే పొరబడి ఉంటారు. ఎందుకు పొరబడ్డానో చెబితేనే మీ ప్రశ్నకు పూర్తి జవాబు అవుతుంది.

కాలేజీ రోజుల్లో, మూర్ మార్కెట్ ఇంకా కాలిపోకముందు, అక్కడి పాత పుస్తకాల వరసలో ఇర్వింగ్ స్టోన్ రాసిన 'సెయిలర్ ఆన్ హార్స్‌బ్యాక్' అనే జాక్ లండన్ జీవితచరిత్ర నాకు దొరికింది. అది మొదట 1938లో వెలువడింది. చివరి పేజీల్లో స్టోన్ ఆ ఉదయాన్ని కళ్లకు కట్టినట్టు వర్ణిస్తాడు: నేల మీద మార్ఫిన్, అట్రోపిన్ ఖాళీ సీసాలు, పక్కన ఒక కాగితం మీద ప్రాణాంతకమైన మోతాదును లెక్కగట్టిన అంకెలు. ఇరవై ఏళ్ల వయసులో ఆ వర్ణన చదివినవాడికి ఇక వేరే సాక్ష్యం అక్కరలేకపోయింది. పైగా అప్పటికే 'మార్టిన్ ఈడెన్' చదివి ఉన్నాను. పేదరికం నుంచి పైకొచ్చి, పేరూ డబ్బూ సంపాదించి, చివరకు దేని మీదా ఆసక్తి మిగలక ఓడ కిటికీలోంచి సముద్రంలోకి జారిపోయే రచయిత కథ అది. కథానాయకుడు పోయిన తీరులోనే కథకుడూ పోయాడంటే ఎవరికైనా నమ్మబుద్ధి వేస్తుంది. నమ్మబుద్ధి వేయడం వేరు, రుజువు కావడం వేరు అన్న సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఇప్పుడు దాఖలాలు చూద్దాం. జాక్ లండన్ 1916 నవంబరు 22న, కాలిఫోర్నియాలోని గ్లెన్ ఎలెన్ అనే ఊరి దగ్గర తన పొలంలోని చిన్న ఇంట్లో చనిపోయాడు. ఆ ఉదయం జపానీ సేవకుడు సెకినే ఎంత లేపినా లేవకపోవడంతో సవతి అక్క ఎలైజాను, భార్య చార్మియన్‌ను పిలిచాడు. వైద్యులు నలుగురు వచ్చారు. మార్ఫిన్ మత్తు విరిచే ప్రయత్నాలన్నీ రోజంతా చేసినా, రాత్రి ఎనిమిది కాకముందే ప్రాణం పోయింది. మరణ ధ్రువీకరణ పత్రంలో నమోదైన కారణం యురేమియా. రక్తంలో చేరే మలిన పదార్థాలను మూత్రపిండాలు వడకట్టలేకపోయినప్పుడు ఒళ్లంతా విషమయమయ్యే స్థితి అది. దానికి ముందు కిడ్నీ రాళ్ల వల్ల వచ్చే తీవ్రమైన నొప్పి ఉన్నదనీ, చాలా కాలంగా మూత్రపిండాల జబ్బు ఉన్నదనీ అదే పత్రం చెబుతుంది. ఇది చివరి రోజున పుట్టిన మాట కాదు. 1913లో అపెండిసైటిస్ శస్త్రచికిత్స జరిగినప్పుడే అతని మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నాయని వైద్యుడు హెచ్చరించాడు. అయినా అతను సిగరెట్లు మానలేదు, మద్యం పూర్తిగా మానలేదు, సగం కూడా కాలని అడవి బాతు మాంసం తినడమూ మానలేదు.

మరి ఆత్మహత్య మాట ఎక్కడిది? వచ్చిన నలుగురు వైద్యులలో ఒకరైన థామ్సన్, ఎన్నో ఏళ్ల తరువాత స్టోన్‌కు చెప్పిన కథనం అది. అంకెలు వేసిన కాగితం చరిత్రకారుల చేతికి ఎన్నడూ రాలేదు. మిగిలిన వైద్యులు ఆ మాట అనలేదు. అల్‌ఫ్రెడ్ షివర్స్ అనే పరిశోధకుడు 1969లో ఒక వ్యాసంలో ఈ కథనాన్ని పట్టి పట్టి పరిశీలించి, నిలబడదని తేల్చాడు. ఆ తరువాత జాక్ లండన్ జీవితాన్ని లోతుగా చదివిన రస్ కింగ్‌మన్, ఎర్ల్ లేబర్ వంటివారు కూడా ఆత్మహత్య వాదాన్ని ఒప్పుకోలేదు. అన్నిటికన్నా నా కళ్లు తెరిపించిన విషయం ఇంకొకటి ఉంది. స్టోన్ పుస్తకం మొదట జీవితచరిత్రగా వచ్చినా, తరువాతి ముద్రణలో దాని అట్ట మీద 'జీవితచరిత్రాత్మక నవల' అని మారింది. జాక్ లండన్ రాసిన కల్పిత కథల్లోని ఘట్టాలనే స్టోన్ అతని జీవిత ఘటనలుగా వాడుకున్నాడన్న విమర్శ కూడా ఉంది. అంటే నేను మూర్ మార్కెట్‌లో కొన్నది చరిత్ర అనుకున్నాను గాని, సగానికి సగం నవల.

ఇంకో చిన్న సాక్ష్యం. చనిపోవడానికి ముందు రోజు, అంటే నవంబరు 21న, జాక్ లండన్ తన పెద్ద కూతురు జోన్‌కు ఉత్తరం రాశాడు. వచ్చే ఆదివారం అందరం కలిసి ఓక్లండ్‌లో భోజనం చేద్దామనీ, వాతావరణం బాగుంటే లేక్ మెరిట్‌లో పడవ షికారు వెళ్దామనీ అందులో ఉంది. ఉత్తరం ఒక్కటే దేన్నీ రుజువు చేయదు, మనసు రాత్రికి రాత్రి మారవచ్చు కూడా. కానీ ఆ సాయంత్రం అతను అక్కతో పొలం పనుల గురించి మాట్లాడాడు, న్యూయార్క్ ప్రయాణం అనుకున్నాడు. వీటన్నిటినీ ఒక్క కనిపించని కాగితం కోసం కొట్టిపారేయడం న్యాయం కాదు.

మార్ఫిన్ సంగతి మాత్రం దాటవేయకూడదు. అతను మార్ఫిన్ వాడిన మాట నిజం. కిడ్నీ రాళ్ల నొప్పికి ఆ రోజుల్లో వైద్యులే మార్ఫిన్ రాసిచ్చేవారు, కండరాల బిగింపు తగ్గడానికి అట్రోపిన్ జోడించేవారు. ఎగ్మూరులో చాలా ఏళ్లు ప్రాక్టీసు చేసిన ఒక వైద్య మిత్రుణ్ణి అడిగితే, ఆయన చెప్పిన మాట నాకు చాలా సబబుగా తోచింది. మార్ఫిన్ శరీరంలో విడిపోయాక ఏర్పడే పదార్థాలు మూత్రపిండాల ద్వారానే బయటికి పోవాలి, వాటిలో ఒకటి తానే బలమైన మత్తుమందు. మూత్రపిండాలు పనిచేయనివాడి ఒంట్లో అది పోగుపడుతూ వస్తుంది కనుక, ఆరోగ్యవంతుడు తట్టుకునే మోతాదే అతన్ని తీసుకుపోగలదు. 1916లో దీన్ని తెలుసుకునే దారి లేదు. డయాలిసిస్ యంత్రమూ లేదు, రోగులకు పనికొచ్చే మొదటి కృత్రిమ మూత్రపిండం 1943లో గాని తయారు కాలేదు. కాబట్టి నొప్పి భరించలేక రాత్రిపూట మందు వేసుకున్న రోగి తెల్లవారి లేవలేదనడమే నాకు నమ్మదగినదిగా కనిపిస్తున్నది. గత నెల రాసిన వాక్యాన్ని ఉపసంహరించుకుంటున్నాను.

ప్రశ్న: నేను బ్యాంకులో 34 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. రాతల మీద బతకడం కష్టమని మనవాళ్లంటారు. చదువు లేని ఈ మనిషి రాసి అంత డబ్బు ఎలా సంపాదించాడు? చివరకు మిగిలిందెంత?
(టి.నగర్, చెన్నై)

జవాబు: చదువు లేదనడం సరికాదు, పట్టా లేదనండి. 1876 జనవరి 12న శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టాడు. తల్లి ఫ్లోరా వెల్‌మన్ సంగీతం చెప్పేది, ఆత్మలతో మాట్లాడతానని నమ్మేది. తండ్రి అని లోకం చెప్పుకున్న విలియం చేనీ జ్యోతిష్కుడు. కొడుకు పెద్దవాడై ఉత్తరం రాస్తే 'నేను నీ తండ్రిని కాను' అని జవాబిచ్చాడు. లండన్ అన్న ఇంటిపేరు తల్లి తరువాత పెళ్లాడిన జాన్ లండన్‌ది. పాలిచ్చి పెంచింది జెన్నీ ప్రెంటిస్ అనే నల్లజాతి స్త్రీ, ఒకప్పుడు బానిసగా బతికినావిడ. తొలి పడవ కొనడానికి డబ్బు అప్పిచ్చింది కూడా ఆవిడే.

ఓక్లండ్ పబ్లిక్ లైబ్రరీలో ఐనా కూల్‌బ్రిత్ అనే లైబ్రేరియన్ ఈ పిల్లవాడి చదువు ఆకలి గమనించి పుస్తకాలు ఏరి ఇచ్చేది. ఆమె స్వయంగా కవయిత్రి, తరువాత కాలిఫోర్నియా రాష్ట్రానికి మొదటి ఆస్థాన కవయిత్రి అయింది. మన కన్నెమరా లైబ్రరీ బల్లల దగ్గర కూర్చుని పైకొచ్చినవాళ్లు మీకూ నాకూ తెలుసు కనుక దీని విలువ వేరే చెప్పనక్కరలేదు. కానీ ఆ లైబ్రరీకీ అచ్చులో పేరు కనబడటానికీ మధ్య డబ్బాలలో తిండి నింపే ఫ్యాక్టరీలో గంటకు పది సెంట్ల కూలీ ఉంది, జనపనార మిల్లు ఉంది, సీల్ జంతువుల వేటకు జపాను తీరం దాకా సాగిన ఓడ ప్రయాణం ఉంది. 1894లో పనిలేక దేశమంతా తిరిగినందుకు దిమ్మరి అని నేరం మోపి, బఫెలో నగరం దగ్గరి జైల్లో ముప్పై రోజులు పెట్టారు. బర్క్‌లీలోని విశ్వవిద్యాలయంలో చేరి కొన్ని నెలలకే మానేశాడు. 1897లో బంగారం కోసం కెనడాలోని క్లాండైక్ వెళ్లి, బంగారం బదులు స్కర్వీ జబ్బుతో 1898లో తిరిగొచ్చాడు. కథలు మాత్రం మూటగట్టుకొచ్చాడు.

బ్యాంకు ఉద్యోగి కనుక మీకు నచ్చే ఘట్టం ఒకటి చెబుతాను. తిరిగొచ్చాక తపాలా ఉద్యోగ పరీక్ష రాసి నెగ్గాడు. నెలకు 65 డాలర్ల జీతం, స్థిరమైన ఉద్యోగం. అదే సమయంలో ఒక పత్రిక అతని క్లాండైక్ కథను 1899 జనవరి సంచికలో వేసుకుని ఇచ్చింది 5 డాలర్లు. ఇక రాయడం మానేద్దామా అన్న నిరాశలో ఉండగా ఇంకో పత్రిక వేరే కథకు 40 డాలర్లు ఇస్తామన్నది. తపాలా ఉద్యోగం పిలుపు వచ్చినప్పుడు, తల్లి ఫ్లోరా అతన్ని రాతలోనే ఉండమన్నది. ఆమెతో అతనికి ఎన్నడూ అంతగా పొసగలేదు. మన ఇళ్లలో ఏ తల్లి అలా అంటుందో నాకైతే తెలియదు.

1903లో 'ది కాల్ ఆఫ్ ది వైల్డ్' నవల వచ్చింది. ధారావాహికగా వేసుకున్న పత్రిక 750 డాలర్లు ఇచ్చింది, పుస్తకం హక్కులను మాక్‌మిలన్ సంస్థ 2,000 డాలర్లకు ఏకమొత్తంగా కొనేసుకుంది. మొదటి ముద్రణ 10,000 ప్రతులు వెంటనే చెల్లిపోయాయి, ఆ తరువాత లక్షలు అమ్ముడుపోయాయి, ఆ అమ్మకాల మీద అతనికి రాయల్టీ లేదు. అయినా ఆ పుస్తకం తెచ్చిన పేరుతో తరువాతివాటికి పెద్ద మొత్తాలే వచ్చాయి. రోజుకు వెయ్యి మాటలు రాయాలన్న నియమం పెట్టుకుని, పదిహేడేళ్లలో దాదాపు యాభై పుస్తకాలు రాశాడు. కథావస్తువులు దొరకనప్పుడు, అప్పటికి పేరు లేని కుర్రవాడైన సింక్లెయిర్ లూయిస్ దగ్గర కొనుక్కున్నాడు. ఆ లూయిస్‌కే 1930లో నోబెల్ బహుమతి వచ్చింది.

మిగిలిందెంత అన్నారు. పొలం 1,400 ఎకరాలదాకా పెరిగింది, అప్పులూ అలాగే పెరిగాయి. తల్లి, మాజీ భార్య, ఇద్దరు కూతుళ్లు, అక్క, పొలం కూలీలు, చేయి చాచిన ప్రతి స్నేహితుడూ ఆ వెయ్యి మాటల మీదే ఆధారపడ్డారు. కలప కోసమని వేల సంఖ్యలో నీలగిరి చెట్లు నాటించాడు, ఆ కలప దేనికీ పనికిరాలేదు. మీ బ్యాంకువాళ్లు అప్పివ్వడానికి జంకే ఖాతాదారు.

ప్రశ్న: ఇతను సముద్రం మీద దొంగతనాలు చేశాడని విన్నాను, నిజమేనా? సొంత ఓడ కట్టి ప్రపంచం చుట్టాడట కదా?
(హార్బరు రిటైర్డు ఉద్యోగి, రాయపురం, చెన్నై)

జవాబు: దొంగతనం నిజం. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలో ఇతరులు పెంచుకునే ఆలిచిప్పలను రాత్రివేళ ఎత్తుకొచ్చి అమ్మేవాడు. తరువాత అలాంటి దొంగలను పట్టే కాపలా దళంలోనే చేరాడు. పదిహేను, పదహారేళ్ల వయసు. ఆ రోజుల్లోనే ఒక రాత్రి తప్పతాగి నీళ్లలో పడి, ప్రవాహం తనను సముద్రంలోకి మోసుకుపోతుంటే అలాగే పోనిద్దామనుకున్నాననీ, తెల్లవారాక ఒక గ్రీకు జాలరి తనను పడవలోకి లాగాడనీ, 1913లో మద్యం గురించి రాసిన 'జాన్ బార్లీకార్న్' అనే ఆత్మకథలో చెప్పుకున్నాడు. ఆత్మహత్య వాదులకు ఈ ఘట్టం చాలా ఇష్టం. చావు ఆలోచన అతనికి పరాయిది కాదని నేనూ ఒప్పుకుంటాను, కానీ పదహారేళ్లప్పటి తలంపు నలభై ఏళ్లప్పటి మరణానికి సాక్ష్యం కాలేదు.

ప్రపంచం చుట్టాలనుకున్నాడు, చుట్టలేదు. 'స్నార్క్' అనే ఓడకు 7,000 డాలర్లు అవుతుందనుకుంటే 30,000 అయింది. 1906 భూకంపం వల్ల నిర్మాణం ఆలస్యమైంది. 1907 ఏప్రిల్‌లో చార్మియన్‌తో బయలుదేరి, నౌకాయాన శాస్త్రం దారిలో పుస్తకం చూసి నేర్చుకుంటూ హవాయి, తహితి, సమోవా, ఫిజీ, సోలమన్ దీవుల దాకా వెళ్లాడు. ఏడేళ్ల ప్రయాణం అనుకున్నది రెండేళ్లు నిండకముందే సిడ్నీ ఆసుపత్రిలో ముగిసింది. మలేరియా, మానని పుండ్లు, భగందరం, దానితోపాటు చేతుల చర్మం పొరలు పొరలుగా ఊడే వింత వ్యాధి. ఆ పుండ్లకు అతను వాడింది పాదరసపు సమ్మేళనం. అతని మూత్రపిండాలను తినేసినవాటిలో అదీ ఒకటి కావచ్చునని కొందరు పరిశోధకులు అంటారు. పాదరసం మూత్రపిండాలకు చేసే హాని తెలిసినవాళ్లకు ఈ మాట కొట్టిపారేయదగింది కాదు.

ప్రశ్న: లెనిన్ మరణశయ్య మీద జాక్ లండన్ కథ విన్నాడంటారు. అలాంటి రచయిత జాతివివక్ష రాతలు రాశాడా?
(కోడంబాక్కం, చెన్నై)

జవాబు: రెండూ నిజమే. 1924 జనవరిలో, లెనిన్ చనిపోవడానికి రెండు రోజుల ముందు, మంచులో ఆకలితో పాకుతూ తోడేలుతో పోరాడే మనిషి కథ 'లవ్ ఆఫ్ లైఫ్'ను ఆయన భార్య క్రుప్‌స్కయా చదివి వినిపించింది. ఆయనకు చాలా నచ్చింది. మర్నాడు ఇంకో కథ చదివితే, అందులోని షావుకారు నీతికి నవ్వి చేయి ఊపేశాడని ఆమే రాసింది. జాక్ లండన్ గురించి అంతకన్నా పొట్టి విమర్శ నేను చదవలేదు.

అతను సోషలిస్టు. 1902లో లండన్ నగరపు పేదవాడల్లో మారువేషంతో బతికి 'ది పీపుల్ ఆఫ్ ది అబిస్' రాశాడు, 1908లో 'ది ఐరన్ హీల్' నవల వెలువరించాడు. అదే మనిషి ఆసియావాసుల గురించి, నల్లజాతివారి గురించి సిగ్గుపడాల్సిన మాటలు రాశాడు. నల్లజాతి బాక్సింగ్ వీరుడు జాక్ జాన్సన్‌ను ఓడించడానికి ఒక తెల్లవాడు రావాలని పత్రికల్లో పిలుపునిచ్చాడు. పాలిచ్చి పెంచిన జెన్నీ ప్రెంటిస్‌ను జీవితాంతం ప్రేమించినవాడే ఈ మాటలు రాశాడు. కాలమే అలాంటిదని కొందరు సర్దిచెబుతారు, నాకు ఆ సర్దుబాటు రుచించదు. ఆ కాలంలోనే అలా రాయని వాళ్లున్నారు. 1916 మార్చిలో పోరాట పటిమ తగ్గిందన్న కారణంతో పార్టీకీ రాజీనామా ఇచ్చాడు.

ప్రశ్న: అతని కొత్త ఇంటిని శత్రువులు తగలబెట్టారట. ఎవరు?
(అంబత్తూరు, చెన్నై)

జవాబు: ఎవరూ కాదనే తోస్తున్నది. రాయితో, పెద్ద పెద్ద రెడ్‌వుడ్ దూలాలతో 26 గదులు కట్టిన 'వుల్ఫ్ హౌస్' 1913 ఆగస్టు 22 రాత్రి, గృహప్రవేశానికి కొద్ది రోజుల ముందు కాలిపోయింది. కూలీలు, అసూయాపరులు అని అప్పుడు చాలా పేర్లు వినిపించాయి. 1995లో అగ్నిప్రమాద నిపుణుల బృందం ఒకటి శిథిలాలను పరిశీలించి, కలపకు నూనె పట్టించిన గుడ్డలను కుప్పగా పడేసి ఉండవచ్చుననీ, ఆ నూనె గుడ్డలు వేసవి వేడికి తమంతట తామే రాజుకుని ఉండవచ్చుననీ తేల్చింది. అవిసె నూనె పట్టిన గుడ్డలను ముద్దగా వదలకూడదని మన వడ్రంగులకూ తెలుసు. ఇక్కడా కథే ముందు పుట్టింది, కారణం ఎనభై ఏళ్ల తరువాత వచ్చింది.

ప్రశ్న: మా అమ్మాయి శాన్‌హోసేలో ఉంటున్నది. వచ్చే వేసవిలో వెళ్తున్నాం. జాక్ లండన్ సమాధి చూడవచ్చా అండీ?
(గృహిణి, నంగనల్లూరు, చెన్నై)

జవాబు: చూడవచ్చునమ్మా. శాన్‌ఫ్రాన్సిస్కో దాటి ఉత్తరంగా సొనోమా లోయలో గ్లెన్ ఎలెన్ ఉంది. అతని పొలమే ఇప్పుడు జాక్ లండన్ స్టేట్ హిస్టారిక్ పార్కు. చార్మియన్ అతని తరువాత కట్టించుకున్న రాతి ఇల్లు మ్యూజియంగా ఉంది. అక్కడి నుంచి చెట్ల మధ్య కాలిబాటన నడిస్తే కాలిపోయిన వుల్ఫ్ హౌస్ గోడలు కనిపిస్తాయి. అతను చనిపోయిన చిన్న ఇల్లు మరో దిక్కున ఉంది, అదీ చూడండి. సమాధి అంటే పాలరాయి కట్టడం అనుకోకండి. ఆ గుట్ట మీద అంతకు చాలా ముందు, వలస వచ్చిన ఒక కుటుంబం తమ ఇద్దరు పిల్లలను పూడ్చింది. వాళ్ల పక్కనే తన బూడిద ఉంచమని అతను ముందే చెప్పి ఉన్నాడు. 1916 నవంబరు 26న అలాగే చేసి, వుల్ఫ్ హౌస్ కోసం తెచ్చి వాడకుండా మిగిలిన ఒక బండరాయిని పైన దొర్లించారు. 1955లో చార్మియన్ చనిపోయాక ఆమె బూడిద కూడా ఆ రాయి కిందే చేరింది. చుట్టూ కొయ్య కంచె ఉంటుంది. దారి ఎగుడుదిగుడుగా ఉంటుంది కనుక చెప్పులు కాకుండా బూట్లు వేసుకుని వెళ్లండి, మంచినీళ్లు వెంట ఉంచుకోండి.